కొసరు గజాలు

ఇది మొదలైంది ఒక మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు. తేదీ నా డైరీలో ఉంది, ఇక్కడ దానితో పని లేదు. పురసవాక్కంలో నా ఇంట్లో కాఫీ డికాక్షను దిగుతుండగా ఫోను మోగింది. వ్యాసర్పాడి నుంచి నందిని. నా తమ్ముడి మనవరాలు, పంతొమ్మిదేళ్ళ పిల్ల. తమ్ముడు పోయి నాలుగేళ్ళయింది. మేం పుట్టి పెరిగిన రెండు గదుల ఇంట్లో ఇప్పుడు వాడి కొడుకు కుటుంబం ఉంటోంది.

"అవ్వా, ముత్తాత స్టాప్‌వాచ్ నీ దగ్గరే కద ఉండేది? అది నడస్తా ఉండాదా?"

"నెలకొకసారి కీ ఇస్తా ఉండాను. గంటకు అర సెకండు వెనకపడతాది. ఏం కావాల?"

"నువ్వు దాన్ని ఎత్తుకొని గ్రౌండుకి రావాల. నేను ఫోన్లో టైము చూపిస్తే ప్రభు నమ్మడు. నేనే ముందు నొక్కేస్తా ఉండానంట. నువ్వు పట్టుకుంటే వాడు నోరెత్తడు."

ప్రభు దాని అన్న. సైన్యంలో చేరాలని రెండుసార్లు ర్యాలీకి పోయి రెండుసార్లూ వెనక్కి వచ్చినవాడు. ఇప్పుడు నందిని మిలిటరీ పోలీసులోకి దరఖాస్తు పెట్టింది. ఈ కాలంలో ఆడపిల్లలను సిపాయిలుగానే తీసుకుంటున్నారు. పరుగు ఒకటే దూరం, కాని మగపిల్లలకు ఒక సమయం, ఆడపిల్లలకు ఇంకాస్త ఎక్కువ సమయం. ఎంత ఎక్కువో నోటీసులో ఉంటుంది. అది మారుతూ ఉంటుంది కనక ఇక్కడ రాయను. ఆ ఎక్కువ ఇచ్చిన సమయం ఆ ఇంట్లో రోజూ ఉదయం గొడవగా తయారైందని నాకు ఫోనులోనే అర్థమైంది.

గురువారం ఆటోలో వెళ్ళాను. గ్రౌండు అంటే రైల్వే యార్డు గోడ పక్కన ఉన్న ఖాళీ స్థలం. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పాతి ఉంటాయి. వాటిని పాతింది మా నాయన. ఆ రాళ్ళ చుట్టూ ఒక చుట్టు తిరిగితే పావు మైలు, నాలుగు తిరిగితే మైలు. ఈ సంగతి వ్యాసర్పాడిలో మా వీధి పిల్లలందరికీ మూడు తరాలుగా తెలుసు. సున్నం ఎప్పుడో రాలిపోయింది గాని రాళ్ళు కదల్లేదు. ఒకదాని మీద ఎవరో బట్టలు ఆరేసి ఉన్నారు.

నాయన సైన్యంలో కసరత్తు నేర్పే హవల్దారు. పింఛను తీసుకొని వచ్చాక యార్డులో గేటు దగ్గర పని దొరికింది. యూనిఫారం మారింది గాని మనిషి మారలేదు. నాలుగూ నలభైకి గడ్డం గీసుకునేవాడు. చన్నీళ్ళు, గళ్ళ తువాలు, తర్వాత బూటు పాలిష్ వాసన. ఆ వాసన లేచిందంటే నాలుగూ యాభై అని మాకు గడియారం చూడకుండా తెలిసేది. దుప్పటి నాలుగు మడతలు పెట్టి, అంచు ద్వారం వైపు వచ్చేట్టు పెట్టేవాడు. మా దుప్పట్లు కూడా అట్లాగే ఉండాలి. అమ్మ కుంపటి రాజేసి రాగి అంబలి కలిపేది. అందులో మజ్జిగ, ఉప్పు, నలిపిన చిన్న ఉల్లిపాయ. యార్డు నుంచి వచ్చే బొగ్గు పొగ, అంబలి పులుపు, పాలిష్, ఈ మూడూ కలిసిన గాలి నాకు బాల్యం. ఇప్పుడు యార్డులో బొగ్గు లేదు. అంబలిని పురసవాక్కంలో ప్లాస్టిక్ గ్లాసులో అమ్ముతారు, ఉల్లిపాయ విడిగా ఇస్తారు.

అయిదు కొట్టేసరికి మా గుమ్మం ముందు పది పన్నెండు మంది మగపిల్లలు చేరేవాళ్ళు. లోడింగు కూలీల కొడుకులు, వర్క్‌షాపు వాళ్ళ కొడుకులు. వాళ్ళను సైన్యంలో చేరడానికి తయారుచేయడం నాయన పెట్టుకున్న పని. వాళ్ళ దగ్గర ఏమీ తీసుకునేవాడు కాదు. ఒక్క షరతు, ఆలస్యంగా వచ్చినవాడు ఆ రోజు పరిగెత్తకూడదు, రాతి మీద కూర్చుని చూడాలి. నాకు పదకొండేళ్ళు వచ్చినప్పటి నుంచి స్టాప్‌వాచ్ నా చేతిలో ఉండేది. నాయన పింఛను మీద వచ్చేటప్పుడు తోటి హవల్దార్లు ఇచ్చిన వాచ్ అది. నేను నొక్కాలి, చూడాలి, పొడుగు నోటుబుక్కులో పేరు, టైము రాయాలి. మైలు ఆరు నిమిషాల లోపల వస్తే నాయన దృష్టిలో పాసు. అది ఆయన పెట్టుకున్న లెక్క. పాసైన టైము కింద ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు గీసేవాడు. ఆ గీతలు ఆయనే గీయాలి. నేను ఒకసారి గీశానని ఆ పేజీ మొత్తం మళ్ళీ రాయించాడు.

పరుగయ్యాక ఇసక మూట. భుజాన వేసుకొని రెండు చుట్లు నడవాలి. అది ఇరవై కిలోలు. పిల్లలు దాన్ని దించి, వగరుస్తూ, వీధి పంపు దగ్గర నీళ్ళు తాగేవాళ్ళు. అదే పంపు దగ్గర మా అమ్మ తల మీద ఒక ఇత్తడి బిందె, చంకలో ఒక బిందె పెట్టుకొని ఇంటికి వచ్చేది. నాకు లెక్క చూడాలనిపించింది. ఒక సాయంత్రం ఆ రెండు బిందెలూ నింపి, తమ్ముడూ నేనూ పార్సిలు షెడ్డులో తూకం మీద పెట్టించాం. అక్కడి గుమాస్తా, "వీటికి లగేజీ టిక్కెట్టు ఎవురు తీస్తారు తల్లీ, మీ నాయనా?" అని నవ్వాడు. రెండూ కలిపి ఇరవై ఎనిమిది కిలోలు. పంపు నుంచి మా ఇంటికి రెండు వందల పది అడుగులు. రోజుకు ఎనిమిది సార్లు.

రాత్రి అన్నాల దగ్గర ఈ లెక్క చెప్పాను. నాయన విని, మజ్జిగ పోసుకున్నాడు. "బిందెకి పరీక్ష లేదు కద మే," అన్నాడు.

అమ్మ ఊరుబిండి పచ్చడి వడ్డిస్తూ తలెత్తకుండా, "పెడితే మీరంతా తప్పిపోతారు. దానికే పెట్టలా," అంది.

నాయన నవ్వాడు. ఆయన నవ్వితే మీసం ఎడమ కొస ఒక్కటే లేచేది.

నేను ఎప్పుడు పరిగెత్తడం మొదలుపెట్టానో నాకు తెలుసు, కాని ఎందుకో కచ్చితంగా చెప్పలేను. ఏడాదులుగా ఒకచోట నిలబడి ఇతరుల టైము రాస్తున్న మనిషికి అది రావడం సహజం అనుకుంటాను. పిల్లలు వెళ్ళిపోయాక నేను ఒక్కదాన్నే రెండు చుట్లు, తర్వాత మూడు, తర్వాత నాలుగు పరిగెత్తేదాన్ని. నాయన గేటు దగ్గరికి డ్యూటీకి పోతూ చూశాడు. వద్దనలేదు. మరుసటి వారం అమ్మ ఆయన పాత ఖాకీ ప్యాంటు కత్తిరించి నా కొలతకు కుట్టింది. అడిగితే, "మీ నాయనే చెప్పినాడు. పావడ కాలికి తగులుకుంటాదని," అంది. రెండేళ్ళు ఆ ప్యాంటుతో పరిగెత్తాను. చెప్పుల్లేవు, బూట్లు లేవు.

ఆ రోజుల్లో ఆడపిల్ల సైన్యంలో చేరాలంటే ఆసుపత్రి వైపు దారి తప్ప ఇంకోటి లేదు. పన్నెండో ఇంటి క్రిస్టియన్ పిల్ల ఒకతె మిలిటరీ నర్సింగుకు ఎంపికై వెళ్ళింది. తెల్ల యూనిఫారంతో తీయించుకున్న ఫొటో పంపింది. నేను ఫారం తెప్పించుకున్నాను. అన్నీ నింపాను. ఆఖర్న తండ్రి సంతకం కావాలి.

నాయన ఫారం రెండువైపులా చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మైలు ఆరు నిమిషాల్లో పరిగెత్తు. సంతకం పెడతా."

"నర్సులకి పరుగు పరీక్ష లేదు నాయనా."

"ఆడ లేకపోతే ఈడుండాది."

"మగపిల్లకాయల టైము నాకేందికి పెడతావు?"

"ఆడ పోయినాక మంచం మీద ఉండేది మొగోడే కద. వాణ్ణి ఎత్తాల్సొస్తే, నేను ఆడపిల్లని సగమే ఎత్తుతానంటావా?"

ఇప్పటికీ అది సరైన ప్రశ్నే అనుకుంటాను. తుపాకీ ఎవరు మోసినా ఒకటే బరువు. కొండ ఎవరి కోసమూ పొట్టిది కాదు. అందుకే ఒప్పుకున్నాను. పరిగెత్తేది ఒక్కసారే అన్నాడు, దానికీ ఒప్పుకున్నాను. ఫారం పంపడానికి ఆఖరి రోజు సోమవారం, పరుగు శనివారం.

శనివారం అయిదూ యాభైకి పిల్లలంతా రాళ్ళ దగ్గర నిలబడ్డారు. ఆ రోజు వాచ్ నాయన చేతిలో ఉంది. మొదటి చుట్టు తొందరపడ్డాను. రెండో చుట్టులో సర్దుకున్నాను. మూడో చుట్టులో కుడి డొక్కలో పోటు వచ్చింది. నాలుగో చుట్టులో తూర్పుకు పోయే పొడుగు గీత మీద పరిగెత్తుతుంటే ఆ గీత ఎంతకీ తెగనట్టు అనిపించింది. అలసిపోతే అట్లాగే అనిపిస్తుందని పిల్లలకు నేనే చెప్పేదాన్ని.

నాయన వాచ్ నాకు చూపించాడు. ఆరు నిమిషాల ఏడు సెకండ్లు. నోటుబుక్కులో రాయడం నా పని కనక నేనే రాశాను. పేరు, టైము. ఏడు అంకె వంకరగా వచ్చింది. నాయన జేబులోంచి ఫారం తీసి, సంతకం లేకుండానే నా చేతిలో పెట్టాడు. పిల్లల్లో ఒకడు, "ఏడు సెకండ్లే కదన్నా, విడిచిపెట్టండి," అన్నాడు. నాయన ఇసక మూట ఎత్తమని వాడికి చెయ్యి చూపించాడు.

ఆ పొద్దు ఆయన అంబలి ముట్టలేదని అమ్మ చెప్పింది. పదిమంది ముందు కూతురు తప్పిందని ఆయనకు చిన్నతనం అనుకున్నాను. నేను మళ్ళీ గ్రౌండుకు వెళ్ళలేదు. వాచ్ పట్టుకోలేదు, నోటుబుక్కు తెరవలేదు. నాయన రెండుసార్లు పిలిచాడు, మూడోసారి పిలవలేదు. తర్వాత నేను చదువుకున్నాను, లెక్కల టీచరునయ్యాను, ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లలకు లెక్కలు చెప్పాను. చెడ్డ జీవితం కాదు. కాని ఈ యాభై ఆరేళ్ళలో ఎవరు ఎప్పుడు సైన్యం మాట ఎత్తినా, ఏడు సెకండ్లు తక్కువపడినదాన్ని నేను అనే ఎరుక ఒకటి లోపల కదిలేది. నా క్లాసులో పాసు మార్కు ముప్పై అయిదైతే ముప్పై నాలుగు వచ్చిన పిల్లకు నేను ఎప్పుడూ ఒక మార్కు కలపలేదు. నాకు కలపలేదు కద అనుకునేదాన్ని.

ఇక ఆ గురువారం. నందిని పరిగెత్తింది, నేను నొక్కాను. ఆడపిల్లల సమయానికి చాలా ముందే ముగించింది, మగపిల్లల సమయానికి అందలేదు. ప్రభు గోడ మీద కూర్చుని ఉన్నాడు.

"పాసే పా," అన్నాడు. "లేడీస్ కోటాలో పాస్."

"కోటా కాదు రా, స్టాండర్డు. నోటీసులో ఉండాది, చదువుకో," అంది నందిని.

"చదివినా. శత్రువు వస్తే వాడికి కూడా చూపించు, నాకు ఇంత టైము ఇవ్వాలని."

నందిని అరికాలితో మట్టిని గీసింది. "అవ్వా, మగోళ్ళ టైముకి రావాలని రోజుకి రెండుసార్లు ఉరకతా ఉండా. కాలి ముందెముక నొస్తా ఉండాది. డాక్టరు పది రోజులు ఆపమన్నాడు. పరీక్ష చూస్తే మూడు వారాల్లో ఉండాది. ముత్తాత గ్రౌండులో ఒకసారైనా వాడి టైము కొడితే వాడు నోరు మూస్తాడు." మణికట్టుకున్న జీపీఎస్ వాచ్ చూసుకుంది. "ఇంకోటి. ఈ వాచ్ రోజూ దూరం ఎక్కువ చూపిస్తా ఉండాది. నాలుగు చుట్లకి మైలు కంటే యాభై మీటర్లు పైన."

"నీ స్పీడు చూసి దానికి పాపం అనిపించుంటాది," అన్నాడు ప్రభు.

వాచ్ తప్పని నేను వెంటనే అన్నాను. గట్టిగానే అన్నాను. ఆకాశంలో తిరిగే దాన్ని చూసి కొలిచే వాచ్ కంటే మా నాయన తాడు నమ్మకం అన్నాను. కాని ఇంటికి వచ్చాక నిద్ర సరిగా పట్టలేదు. చెప్పిన మాటను కొలిచి చూసుకోకపోతే నేను టీచరునెట్లా అయ్యాను? ఆదివారం ఉదయం ముప్పై మీటర్ల టేపు పట్టుకొని వెళ్ళాను. ఒక కొస నందిని, ఒక కొస ప్రభు. నేను ప్రతి ముప్పైకి సుద్దతో గీత పెట్టి రాసుకున్నాను. రెండుసార్లు కొలిచాం. పొట్టి వైపులు డెబ్బై మూడు మీటర్ల పదిహేను సెంటీమీటర్లు, అంటే ఎనభై గజాలు, సరిగ్గా ఉన్నాయి. పొడుగు వైపులు నూట నలభై గజాలు ఉండాలి. నూట నలభై ఏడున్నర ఉన్నాయి. తూర్పు వైపు రెండు రాళ్ళూ ఏడున్నర గజాలు బయటికి ఉన్నాయి, రెండూ సమానంగా. పొరపాటు అయితే ఒక రాయి జరుగుతుంది. రెండూ ఒకే కొలతకు జరగవు.

నాయన ట్రంకుపెట్టె ఇంకా ఆ ఇంట్లోనే, అటక మీద ఉంది. ప్రభు దించాడు. నోటుబుక్కు అడుగున ఉంది, పురుగు కొట్టలేదు. వెనక అట్ట లోపలి వైపు నాయన గుండ్రటి అక్షరాలు. "చుట్టుకి 15 గజాలు కొసరు. పిల్లకాయలకి చెప్పరాదు."

కూరగాయలమ్మి చివర్న గుప్పెడు ఎక్కువ వేస్తే అది కొసరు. పిల్లలు ఇక్కడ ఎక్కువ దూరానికి అలవాటు పడితే ర్యాలీలో అసలు మైలు తేలికగా ఉంటుందని ఆయన ఉపాయం. అది పనిచేసింది కూడా. ఎర్ర గీతలు పడ్డవాళ్ళు దాదాపు అందరూ ఎంపికయ్యారు. వాళ్ళకు ఈ మైలు తర్వాత ఇంకో మైలు ఉంది, అక్కడ కొసరు వాళ్ళకు తిరిగి వచ్చింది. నాకు ఇదే మొదటిది, ఇదే ఆఖరిది.

నా పేజీ తీశాను. వంకర ఏడు అట్లాగే ఉంది. దాని పక్కన పెన్సిలుతో, నా చేతి రాత కాని రాతలో, చిన్న భాగహారం. ఆరు నిమిషాల ఏడు సెకండ్లంటే మూడు వందల అరవై ఏడు సెకండ్లు. దాన్ని పదిహేడు వందల అరవైతో హెచ్చించి, పద్దెనిమిది వందల ఇరవైతో భాగించాడు. నాయనకు భాగహారం అంత బాగా రాదు, రెండుచోట్ల కొట్టేసి మళ్ళీ చేశాడు. జవాబు సరిగ్గానే వచ్చింది. 5-55. దాని కింద ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు.

ఎప్పుడు చేశాడో తెలియదు. ఆ శనివారమేనా, సోమవారం దాటాకనా? అదే రోజు అయితే చేతిలో ఇంకా రెండు రోజులున్నాయి. తర్వాత అయితే చెప్పి ఏం లాభం అనుకున్నాడేమో. అంబలి ముట్టకపోవడాన్ని బట్టి అదే రోజని నాకు అనిపిస్తుంది. రుజువు లేదు. ఆయన పోయి ముప్పై ఒక్క ఏళ్ళు. ఏ కాగితం మీదా ఇంకేమీ రాయలేదు.

ప్రభు నోటుబుక్కు చాలాసేపు చూశాడు. "ముత్తాత మోసం చేసినాడా అవ్వా?"

"మోసం కాదు, ట్రైనింగు," అంది నందిని.

"మీకు ట్రైనింగు. నాకేందో నాకు తెల్దు," అన్నాను.

నందిని టైమును కూడా అదే భాగహారంతో చేసి చూపించాను. దానికి నేను కొసరు కలపను, కోత పెట్టను. అసలు మైలుకు లెక్క కట్టినా అది మగపిల్లల సమయానికి పంతొమ్మిది సెకండ్లు అందలేదు. ఆ మాట దానితో అట్లాగే చెప్పాను. ఆడపిల్లల సమయానికి బాగా లోపలే ఉంది, అదీ చెప్పాను.

"అయితే రెండిట్లో ఏది న్యాయం అవ్వా? ఒకే టైమా, రెండు టైములా?"

"నాకు తెల్దు. ఒకే టైము పెడితే మా నాయన అడిగినదానికి జవాబుంటాది. రెండు పెడితే నీ మాదిరోళ్ళు లోపలికి పోతారు, పోయినాక మొయ్యగలరో లేదో ఆడ చూస్తారు. అది సైన్యం వాళ్ళు తేల్చుకోవాల. నేను చెప్పగలిగేది ఒకటే. గీత యాడుండాదో పరిగెత్తేవాళ్ళకి ముందే చెప్పాల. నీకు నోటీసులో చెప్పినారు. నీ గీత అది. వీడి గీత కోసరం కాలు ఇరగ్గొట్టుకోవద్దు."

ప్రభు బయటికి వెళ్ళి సున్నం తెచ్చాడు. తూర్పు రాళ్ళు పెకలించమంటారా అని అడిగాడు. వద్దన్నాను. రాళ్ళు నాయనవి, ఉండనీ. ఏడున్నర గజాలు లోపలికి కొలిచి రెండు కొత్త గుర్తులు పెట్టించాను. వాడే వంగి సున్నం పూశాడు, నందిని టేపు పట్టుకుంది. ఆ రోజు అది పరిగెత్తలేదు. పది రోజులు పరిగెత్తనని ఒప్పుకుంది. వాచ్ దానికే ఇచ్చి, గంటకు అర సెకండు సంగతి మళ్ళీ ఒకసారి చెప్పి, ఆటో ఎక్కాను.

ఇంటికి వచ్చి డైరీలో రాసుకున్నది ఇది. పోయినవి: అరవై గజాలు. పన్నెండు సెకండ్లు. ఒక సంతకం. నాకు దొరికేదో లేదో తెలియని ఒక ఉద్యోగం, కనక దాన్ని సగంగా వేశాను. నాయన పక్కన వాచ్ పట్టుకొని నిలబడగలిగి ఉండీ నిలబడని ఉదయాలు, ఆయన పిల్లలను తయారుచేయడం మానేసే వరకు, ఆదివారాలు తీసేసి, నాలుగు వేల మూడు వందల ఎనభై.